దావిత్ పెట్టిన ముద్ద

ఇటిక్యాల, ఆదివారం రాత్రి

జొన్నరొట్టె ఎలా తినాలో ఇథియోపియా పిల్లాడికి నేర్పబోయాను! మా స్వాతితో వ్యవసాయ కాలేజీలో చదివే దావిత్. అసలు జొన్న పుట్టిందే వాళ్ల వైపట. వాళ్ల ఏడాదికి పదమూడు నెలలట. అతను ఇంగ్లీషులో చెప్తుంటే స్వాతి తెలుగులో చెప్పింది. వింటూ చేను గట్టున అందరం తింటున్నాం.

అంతలో అతను రొట్టె ముక్కలో పప్పు చుట్టి నా నోటి దగ్గరకు తెచ్చాడు. ఎంగిలి చెయ్యి! చటుక్కున మొహం తిప్పుకున్నాను. అతని చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"నాకు పెట్టు బిడ్డా. మా అవ్వ పోయినంక గిట్ల ఎవ్వలు పెట్టలే" అంది, కలుపు తీసి వచ్చి పక్కన కూర్చున్న ఎల్లమ్మ. ఆ ముద్ద తిని, తన సద్దిలోని రొట్టె తుంచి అతని నోట్లో పెట్టింది.

ఇంటికొచ్చాక స్వాతి కోప్పడింది. "వాళ్ల దేశంల గది మర్యాదనే అమ్మా. కాదంటే చిన్నబోతరు."

"నాకేం తెల్సు? ఎంగిలని..." అన్నాను.

అతని సంగతి తెలియదు, నిజమే. కానీ ఎల్లమ్మ ఇరవై ఏళ్లుగా మా చేన్లో పని చేస్తోంది. ఆమె చేతి ముద్ద సరే, ఆమె చెంబులో నీళ్లైనా ఏనాడూ తాగలేదు నేను. దానికి ఎంగిలని సాకు కూడా చెప్పుకోలేను.

రేపు స్వాతి చేత దావిత్‌కు ఫోన్ చేయించి తప్పయిందంటాను. ఎల్లమ్మకు ఏమని చెప్పను? ఆమె గ్లాసు ఇప్పుడు కూడా మా కొట్టం గోడ మీదే బోర్లించి ఉంది.