నీ చేపకు వెల్లుల్లి

అన్నా,

ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దుటి నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. నువ్వు బొంబాయి నుంచి తెచ్చిన సముద్రపు చేపకు ఒళ్లంతా తెల్లచుక్కలు లేచాయి. రాళ్లకు ఒళ్లు రాసుకుంటోంది, మేత ముట్టడం లేదు.

అశోక్ చౌక్‌లో పెంపుడు చేపలమ్మే నర్సన్న దగ్గరికి పరుగెత్తాను.

"పురుగు పట్టింది చెల్లే. రాగి మందేస్తే తొట్టిల పగడాలు సస్తయి. ఎల్లిగడ్డ రసంల రొయ్యముక్క నానబెట్టి పెట్టు. తగ్గుతదని గ్యారంటీ లేదు, ఆకలైతే పుడ్తది" అన్నాడు.

నువ్వు పోయాక అమ్మ ఆ తొట్టి వైపే చూడలేదు. నా మాట విని బీడీల చాట పక్కకు నెట్టి, తానే వెల్లుల్లి దంచింది.

"గిది గూడ పోతదా ఏంది?" అంది.

ఆ రసంలో నానిన రొయ్యముక్కను తొట్టిలో వేశాను. చేప దాన్ని నోట పట్టి ఉమ్మేసింది. మళ్లీ వచ్చి మింగింది.

"తిన్నది బిడ్డా, తిన్నది!" అని అమ్మ వీధిలో సాంచా మగ్గాల చప్పుడును మించి అరిచింది.

చుక్కలు ఇంకా పోలేదు. నాకు గుబులుగానే ఉంది. అమ్మ మాత్రం తొట్టి ముందు పీట వేసుకుని, రేపటికి వెల్లుల్లి ఒలుస్తోంది.

నీ చెల్లి