తప్పు నీ పాస్‌వర్డ్‌ది కాదు

రేఖా,
ఇడ్లీలు హాట్‌బాక్సులో ఉన్నాయి. నీళ్ల క్యాన్ వస్తుంది, ఖాళీది బయట పెట్టు.

కొత్త లాప్‌టాప్‌లో ఇక పాస్‌వర్డ్‌లు కొట్టకు. పాత కంప్యూటర్‌కని కొన్న ఆట ఇందులో తెరుచుకోదు, దీనికి మళ్లీ కొనాల్సిందే. "ఆట ఒక్కసారి కొంటే ఎందులోనైనా నడుస్తది, ఫికర్ చెయ్యకు" అని ఈ లాప్‌టాప్ కొనిపించింది నేనే. ఆఫీసులో నా పని కూడా ఏది ఎందులో నడుస్తుందో చూడటమే. పరువు పోతుందని, పాస్‌వర్డ్ తప్పు కొడుతున్నావంటూ నీ మీదకు తోసేశాను. నువ్వు రెండు రోజులు "జర ఆగు, యాదికొస్తది" అంటూ కూర్చుంటే పక్కనే చాయ్ తాగాను.

పొద్దున ఆట మళ్లీ కొన్నాను. అందులో నువ్వు పెంచిన తోట మాత్రం ఇటు రాదట, మొదటి నుంచి వేసుకోవాలి.

రవీందర్

నువ్వు కొట్టి చూసిన పాస్‌వర్డ్‌ల కాగితం ఇప్పుడే కనబడింది. అన్నింట్లోనూ నా పేరే ఉంది.