ఒకే వారంలో ఏడు గురువారాలు

నవంబరు 16, ఆదివారం, ఉదయం 7

పత్తి జిన్నింగు మిల్లువాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ. ఇప్పటిదాకా ఒక్క ముక్క రాయలేదు. ఈ రోజు నుంచి రోజూ రాస్తాను. కారణం ఉంది.

22వ తేదీ శనివారం మా పెళ్ళిరోజు. ఇరవై నాలుగేళ్ళు! కన్యక చీర అడగలేదు, గాజులడగలేదు. విశాఖపట్నం తీసుకుపొమ్మంది. సాయంకాలం సముద్రం ఒడ్డున కూర్చోవాలి, పక్కన నేనుండాలి. తాగని నేను.

పోయిన ఏడాది పెళ్ళిరోజుకు హంపి వెళ్ళాం. నేను లాడ్జిలో గురక పెట్టాను. గుడి ఆమె ఒక్కతే చూసి వచ్చింది.

"ఈసారీ అట్లే అయితే, వచ్చే ఏడు నుంచి పెండ్లిరోజు కోడుమూరులో మా అక్కతో చేసుకుంటా" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. చిక్కుడుకాయలు ఒలుస్తూ మామూలుగా అంది. నాకు భయం వేసింది.

ఆదోని యార్డులో పత్తి కమీషన్ వ్యాపారం చేసేవాడికి సాయంత్రానికి గొంతు నిండా దూది దుమ్ము. అది దిగడానికని మొదలైంది ఈ అలవాటు. దుమ్ము లేని రోజుల్లో కూడా సాగుతోంది.

ఉదయం 11. ఉపాయం దొరికింది! గురువారం రాఘవేంద్రస్వామి వారం. ఆ రోజు చుక్క ముట్టను. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఒకటే పద్ధతి. ఆ రోజు మనసు అటు పోనే పోదు. కాబట్టి వచ్చే ఆదివారం దాకా ప్రతి రోజూ గురువారమే. అయిపోయింది!

నవంబరు 17, సోమవారం (గురువారం)

యార్డుకు వెళ్ళేముందు మంత్రాలయం అక్షింతల పొట్లం జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం భీమప్ప ఫోను. మిల్లులో మేనేజరు, ఇరవై ఏళ్ళ స్నేహం, గ్లాసు స్నేహం. ఈ రోజు గురువారం, రానన్నాను.

"క్యాలెండరు సూసుకో సాయన్నా" అన్నాడు.

ఫోను పెట్టేశాను. నిమ్మకాయ సోడా రెండు. నిద్ర బ్రహ్మాండం.

నవంబరు 18, మంగళవారం (ఇంకో గురువారం)

సోడా మూడు. తల తేలిగ్గా ఉంది. చొక్కా కూడా వదులైనట్టుంది. ఇంత సులువైన పనిని జనం ఎందుకు పెద్దది చేసి చెబుతారో! భీమప్పకు కూడా నేర్పాలి.

విశాఖలో హోటలు ఖాయం చేశాను. బారు ఉందా అని ముమ్మారు అడిగాను. "సారీ సార్, లేదు" అని పాపం ఆ అబ్బాయి నన్ను ఓదార్చాడు.

సర్దుకోవాల్సినవి: ఉగ్గాణికి బొరుగులు, నిమ్మకాయలు, అక్షింతలు, కన్యక కొత్త చెప్పులు, తలనొప్పి మాత్రలు (అవసరం ఉండదు, ఊరికే).

నవంబరు 19, బుధవారం, మధ్యాహ్నం 3

పొద్దున్నుంచీ ఒక సందేహం. సోమవారాన్ని గురువారం చేశాను కదా. దాని లెక్కన మంగళవారం శుక్రవారం అవుతుంది, బుధవారం శనివారం. ఒకే వారంలో ఏడు గురువారాలంటే స్వామివారికి మాత్రం ఇబ్బంది కాదా? పైగా మాట ఇచ్చింది విశాఖకు. ఆదోనికి కాదు.

సాయంత్రం 7.30. భీమప్పతో శనివారం జరుపుకున్నాం. రెండు పెగ్గులు.

(మూడు.)

కన్యక సోంపు డబ్బా తీసి నా పక్కన పెట్టింది.

నవంబరు 20, గురువారం (నిజంది)

మనసు అటు పోలేదు. చూశారా! మధ్యాహ్నం బయలుదేరి గుంతకల్లులో విశాఖ రైలెక్కాం. కన్యక కిటికీ పక్కన. డబ్బాలో ఉగ్గాణి. ఇద్దరం ఒకే చెంచాతో తిన్నాం.

నవంబరు 21, శుక్రవారం, రాత్రి 8

విశాఖ! కన్యక కొత్త చెప్పులు చేత పట్టుకుని నీళ్ళ దాకా నడిచింది. తర్వాత మెల్లిగా, "ఆ పక్క ఒడ్డు యాడా కనపడదు గదండీ" అంది. తుంగభద్రకు అలవాటైన కళ్ళు. అల వచ్చి కాళ్ళు తడిపితే చిన్నపిల్లలా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

కొబ్బరిబోండాలు నాలుగు. మందు సున్నా. రేపు 5 గంటలకు మళ్ళీ ఆ ఒడ్డునే కూర్చోవాలని మాట. పూలు కొంటానన్నాను.

నవంబరు 22, శనివారం, ఉదయం 6

పెళ్ళిరోజు! ఆమె పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చింది.

మధ్యాహ్నం 12. ఇక్కడి గోడౌన్ల రంగన్న ఫోను. మా పత్తి బేళ్ళు ఇతని చేతి మీదుగానే ఓడ ఎక్కుతాయి. నేను వచ్చానని భీమప్ప చెప్పాడట, ద్రోహి. ఊరికి వచ్చి భోజనం చెయ్యకుండా పోతే మర్యాదేనా అన్నాడు. గంటలో వచ్చేస్తానని కన్యకతో చెప్పాను. వచ్చేటప్పుడు మల్లెపూలు.

మధ్యాహ్నం 3.30. మల్లెపూలతో హోటలుకు వచ్చేశాను. రంగన్న బల్ల మీద రొయ్యలు, పీతలు, పేరు తెలియని చేప. నేను శాకాహారిని. అక్కడ నేను ముట్టదగ్గవి రెండే: వేరుశనగలు, గ్లాసు. బీరే. బీరు లెక్కలోకి రాదని రంగన్న. తర్వాత లెక్కలోకి వచ్చేది ఏదో కూడా వచ్చింది. పరవాలేదు. ఇంకా గంటన్నర ఉంది. పది నిమిషాలు నడుం వాలుస్తాను.

నవంబరు 23, ఆదివారం, రైల్లో

నిన్న లేచేసరికి రాత్రి ఏడున్నర. మంచం పక్కన మల్లెపూల పొట్లం అలాగే ఉంది. విప్పను కూడా లేదు. కన్యక అప్పుడే లోపలికి వచ్చింది. పట్టుచీర అంచుకు ఇసుక.

లేపలేదేమని అడిగాను.

"లేపితే వస్తారు. కూర్చుంటారు. అది మీరు గాదు గదా" అంది.

సిగ్గేసింది. ఇరవై నాలుగేళ్ళలో ఇంత సిగ్గెప్పుడూ పడలేదు. రైలెక్కినప్పటి నుంచీ ఆమె కిటికీ వైపే చూస్తోంది. డబ్బాలో ఈసారి రెండు చెంచాలు.

నవంబరు 25, మంగళవారం

కోడుమూరుకు ఫోను చేసిందేమోనని రెండు రోజులుగా చెవులు రిక్కించుకుని ఉన్నాను. చేయలేదు. మధ్యాహ్నం బీరువాలోంచి మా పెళ్ళి శుభలేఖ తీసి నా ముందు పెట్టింది. ఏ వారమో చదవమంది.

గురువారం.

"పెండ్లినాడు మీరు తాగలేదు. ఆ ఒక్క పొద్దూ నా పక్కన బాగా కూర్చున్నారు. నేను అది నా కోసమనుకున్నా. గురువారమని ఇప్పుడు తెలిసె" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పెళ్ళిరోజుకు తారీకు వదిలేద్దాం, వారమే పెట్టుకుందాం అంది. ఎల్లుండి మంత్రాలయం.

నవంబరు 27, గురువారం, సాయంత్రం 6

ఆర్టీసీ బస్సు, దర్శనం, తుంగభద్ర మెట్లు. 5 గంటలకు వచ్చి కూర్చున్నాం. అదే పట్టుచీర. మల్లెపూలు నేనే పెట్టాను, కొంచెం వంకరగా. ఆ పక్క ఒడ్డు చక్కగా కనిపిస్తోంది. పెళ్ళిలో పీటల మీద నాకు ఎక్కిళ్ళు వచ్చిన సంగతి చెప్పి ఆమె కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఇన్నేళ్ళలో ఆ కథ నేను వినడం ఇదే మొదలు. ఎన్నిసార్లు చెప్పిందో మరి, నేను పడుకుని ఉండగా.

చివర్లో అడిగింది. "ఈ గురువారం స్వామిది. నాకొక శుక్రవారం ఇస్తారా?"

ఇస్తానన్నాను.

కొత్త నిర్ణయం. రేపు నవంబరు 28, శుక్రవారం. దాన్ని గురువారం అనను. అక్షింతలు జేబులో పెట్టుకోను. శుక్రవారాన్ని శుక్రవారంగానే ఉంచి మందు మానేస్తాను. ఒక్క రోజు.

భీమప్ప ఫోను. తీయలేదు.

మళ్ళీ మోగుతోంది. కన్యక చేతికిచ్చాను.