గద్దను కూల్చింది ఎవరు

గౌరవనీయులైన, మొన్నటి ఆదివారం దాకా ప్రియమైన బావగారికి,

ఇక్కడ అందరమూ క్షేమం. అక్క మోకాలి నొప్పి తగ్గిందని విన్నాను, సంతోషం. క్షేమ సమాచారాలు ఇంతటితో ముగిశాయి.

ఫోనులో చెప్పదగిన సంగతిని ఉత్తరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఫోనులో మీరు నవ్వుతారు. మీరు నవ్వితే పక్కనుంచి అక్క నవ్వుతుంది. ఇద్దరూ నవ్వాక నా మాటకు బరువు ఉండదు. కాగితం మీద నవ్వు వినిపించదు.

జరిగినది జరిగిన వరుసలోనే పెడుతున్నాను. మనం ఎనిమిదిమందిమి ప్రతి ఆదివారం ఉదయం ఎవరి ఇంట్లో వారు కంప్యూటరు ముందు కూర్చుని యుద్ధవిమానాల ఆట ఆడుతున్నాము. ఎదుటి దళంలో 'గద్ద' అనే పేరుతో ఎగిరే మనిషి రెండేళ్ళలో నన్ను పదకొండుసార్లు కూల్చాడు. కూల్చిన ప్రతిసారీ తెరమీద ఒకే ముక్క టైపు చేస్తాడు: "తర్వాతెవరు?" ఆ పదకొండు తేదీలూ నా దగ్గర ఉన్నాయి. వాడి కోసమే ఒక నోటుపుస్తకం పెట్టాను. నూటనలభై పోరాటాల రికార్డింగులు చూశాను. కాల్చిన తర్వాత వాడు ఎప్పుడూ ఎడమకే తిరుగుతాడు. ఎండ వీపుమీద పడుతుంటే తల వెనక్కి తిప్పడు. ఇంకా ఇరవైమూడు అలవాట్లు ఉన్నాయి, మీకు అనవసరం.

మొన్న ఆదివారం పది గంటల ఇరవై నిమిషాలకు ఎండలోంచి వాడి మీదికి దిగాను. ముప్పై ఎనిమిది తూటాలు కాల్చాను, పదిహేడు తగిలాయి. ఎడమ రెక్కలోని ట్యాంకు కారడం మొదలైంది. ఇంజను నల్లగా పొగ కక్కింది. తోకమీది చుక్కాని పనిచేయడం మానేసింది. నా దగ్గర ఇంకా తూటాలున్నాయి. కావాలనే కాల్చలేదు. వాడు నేల తాకేదాకా తెలిసి తెలిసి పడాలి, పడినంతసేపూ నేను పక్కనే ఎగురుతూ చూడాలి. రెండేళ్ళుగా నేను కోరుకున్నది అంతే.

అప్పుడు కుడివైపు నుంచి మీరు ఊడిపడ్డారు. ఆరు తూటాలు. తోక విరిగింది. చివరి దెబ్బ ఎవరిదైతే విమానం వారిదే అన్నది ఈ ఆటలో నియమం కనుక, తెరమీద ఇలా పడింది: "గద్ద కూలింది. కూల్చినవారు: కళ్ళద్దాలు." కళ్ళజోళ్ళ దుకాణం ఉంది కదా అని మీరు సరదాగా పెట్టుకున్న పేరు! దాని కింద గద్ద మీకు రాశాడు: "బాగా కొట్టావు." వాడు ఒకరిని మెచ్చుకోవడం నేను అదే మొదటిసారి చూడటం. ఆ మాట నాది. దానికి మీరు "థాంక్స్" అన్నారు.

బావగారూ, పద్దెనిమిదేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాను. నాకు పట్టా లేదు గనుక, లోపం నేను పట్టినా రిజిస్టరులో సంతకం ఇంజనీరుదే. దానికి అలవాటుపడ్డాను. ఆకాశంలో కూడా అలవాటుపడమంటే పడను. ఆ గద్దను నా పేరుకు మార్చమని దళానికి మీరే రాయండి. రాయకపోతే ఎలా మార్పించాలో నేను చూసుకుంటాను.

ఇట్లు,
ప్రస్తుతానికి తమ విధేయుడైన
బావమరిది

*

ప్రియమైన జాబితా బామ్మర్దికి,

ఆటలో నీకా పేరు పెట్టినవాడెవడోగానీ వాడి నోట్లో చక్కెర పొయ్యాలి. నీ ఉత్తరం అందింది. కాగితం మీద నవ్వు వినిపించదన్నావు కదా, అందుకని రాసే పంపుతున్నా: హహ్హహ్హా. మీ అక్కది కూడా కలుపుకో.

ఉత్తరం చదివి మీ అక్క ఏమందో తెలుసా? "కంప్యూటర్లో విమానం పోయిందని మా తమ్ముడు రిజిస్టర్డ్ పోస్టు పంపాడా! పెళ్ళైన కొత్తలో వాడి ప్లేట్లోంచి ఆఖరి బిస్కెట్టు లాక్కున్నారుగా, దాని తేదీ కూడా వేశాడేమో చూడండి" అంది.

ఒరేయ్, నాకు కనిపించిందేంటో చెప్తా విను. పొగ కక్కుతూ ఇంకా ఎగురుతున్న విమానం. దాని పక్కన నువ్వు, పెళ్ళికొడుకు పక్కన తోడు నడిచినట్టు తాపీగా. తూటాలు అయిపోయాయేమో పాపం అనుకున్నా. కొట్టా. ఎగిరేంతసేపూ అది ఎగిరే విమానమే, పడ్డాకే పడ్డట్టు. ఎక్కువ తగిలించినవాడిదే అందామా? వంద బొక్కలు పడ్డా ఇంటికెళ్ళినవి చూశాం, ఒక్క బొక్కకే రాలినవీ చూశాం. ఆఖరి దెబ్బ లెక్కే హాయి, గొడవుండదు. అంత బాధగా ఉంటే చెరి సగం వేసుకుందాం. నీకు అర గద్ద, నాకు అర గద్ద.

నిజం చెప్పనా? వాడు బాగా కొట్టావు అనగానే నాకు ఒళ్ళు జల్లుమంది. ముప్పావు వంతు నీ పనేనని నాకు తెలుసు. తెలిసీ ఇవ్వను, పో! ఎలా మార్పించాలో చూసుకుంటానన్నావుగా, చూసుకో. చూపు ఆనకపోతే మంచి కళ్ళజోడు నేనే పంపిస్తా.

నీ బావ

*

బావగారికి,

'ప్రియమైన' అన్న మాటను ఈసారి వాడటం లేదు.

మీరు నవ్వుతూ ఉండగా మూడు వారాలు గడిచాయి. ఈ మూడు వారాల్లో నేను రెండు దళాలలో మీరూ నేనూ పోగా మిగిలిన పద్నాలుగుమందికీ విడివిడిగా రాశాను. నిన్న కొత్త నియమం పదముగ్గురి సమ్మతితో అమలులోకి వచ్చింది. ఎవరో ఒకరు తమ వేటను ఎగరేసుకుపోయిన కడుపుమంట అందరిలోనూ ఉంది. నేను చేసిందల్లా దాన్ని వాక్యంలో పెట్టడమే.

మీ చెరి సగం ప్రతిపాదనను పరిశీలించి తోసిపుచ్చాను. అర గద్ద ఏ ఆకాశంలోనూ ఎగరదు. నియమం ఇది: విమానాన్ని ఇక ఇంటికి చేరలేని స్థితికి తెచ్చినవారే దాన్ని కూల్చినవారు. ఆ తర్వాత తగిలే తూటాలు శవం మీద రువ్విన రాళ్ళు.

చేరగలదో లేదో ఎలా తెలుస్తుందని మీరు అడుగుతారు. పోరాటం రికార్డింగును ఏ క్షణం దగ్గరైనా ఆపి, అక్కడినుంచి ఆ విమానాన్ని మనమే నడపవచ్చునని మీకు తెలుసు. మీ మొదటి తూటాకు ఒక్క సెకను ముందు ఆపుతాము. పొగ, కారుతున్న ట్యాంకు, చచ్చిన చుక్కాని, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. చుట్టూ వేరే విమానాలేవీ ఉండవు. మూడు ప్రయత్నాలు. ఒక్కసారైనా ఆ విమానం తన సొంత స్థావరంలో దిగితే గద్ద మీవాడు. దిగకపోతే నావాడు.

నడపవలసినది న్యాయంగా గద్దే. అడిగితే, "చచ్చిన విమానం నేనెక్కను. కూల్చానన్నవాడినే ఎక్కమను" అని జవాబిచ్చాడు. కనుక ఎక్కేది మీరు. రికార్డింగులు చూసి తీర్పు చెప్పే పని ఎవరూ నెత్తిన వేసుకోలేదు. "జాబితాకే ఇవ్వండి, లేకపోతే మనల్ని బతకనివ్వడు" అని మైకులో అన్నది మీరే. తీసుకున్నాను.

గద్ద కాదనడం నాకు ఎంత సంతోషంగా ఉందో మీరు ఊహించలేరు. మీరే ఆ సీట్లో కూర్చోవాలి. నేను చేసిన ప్రతి చిల్లూ మీ చేతికి తెలియాలి. మూడుసార్లు పడండి. పడేటప్పుడు నన్ను తలుచుకోండి.

ఇట్లు,
పరిశీలకుడు

*

బామ్మర్దీ,

పరిశీలకుడంట, పరిశీలకుడు! ఆ సంతకం చూసి మీ అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి మరీ నవ్వింది.

ఎక్కా. మొదటిసారి నలభై సెకన్లు. కుడికి తిప్పితే ఎడమకి ఒరిగి, బొంగరంలా తిరిగి నేలకి కొట్టుకుంది. నువ్వు చెప్పినట్టే నిన్ను తలుచుకున్నా, నీ ఏడు తరాలతో కలిపి. రెండోసారి పైకి లాగుదామని ఇంజనుకి జోరు ఇచ్చా, మంటలు అంటుకున్నాయి. పడీ పడగానే, "వదిలేయండి, వాడికిచ్చేయండి ఆ దిక్కుమాలిన పక్షిని" అంది మీ అక్క. అప్పుడొచ్చింది నాకు పౌరుషం.

మూడోసారి ఇంజనే ఆపేశా. పొగ తగ్గింది. చుక్కాని లేదుగా, రెక్కలు అటో మిల్లీమీటరు ఇటో మిల్లీమీటరు వంచుతూ, జోల పాడినట్టు నడిపా. చెమటకి కళ్ళజోడు మూతిమీదికి జారింది, పైకి తోసుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. పధ్నాలుగు నిమిషాలురా! రన్‌వే కనపడగానే చక్రాలు దించి, దూదిమీద పెట్టినట్టు దించి, దొర్లించుకుంటూ తీసుకెళ్ళి ఎర్ర షెడ్డు ముందు ఆపా. ఆపి, కుర్చీలోంచి లేచి డాన్సు చేశా. సాక్ష్యం కావాలంటే మీ అక్కనడుగు.

ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటా. నువ్వు కొట్టింది మామూలు దెబ్బ కాదు. లోపల కూర్చుంటేగానీ తెలియలేదు. అయినా ఇంటికి తెచ్చా. నియమం నీది, తీర్పు నీది, గద్ద నాది. రికార్డింగులు మూడూ పంపుతున్నా. రాయి మరి.

నీ బావ

*

ప్రియమైన బావగారికి,

ఈ కవరును ఇంటికి కాక మీ దుకాణానికి పంపుతున్నాను. అక్క ముందు విప్పకండి.

మీ రికార్డింగులు చూశాను. మూడోదాన్ని ఏడుసార్లు చూశాను. అంత దెబ్బతిన్న విమానాన్ని అంత నిదానంగా దించిన మనిషిని నేను చూడలేదు. ఒక్కటే లోపం. అది గద్ద విమానం. దాని ఇల్లు తూర్పున, నదికి అవతల ఉంది. మీరు ప్రతి ఆదివారం తిరిగినట్టే పడమటికి తిరిగి, మన రన్‌వే మీద దించి, మన ఎర్ర షెడ్డు ముందు ఆపారు. శత్రువు విమానాన్ని భద్రంగా తెచ్చి మన వాకిట్లో కట్టేసి, డాన్సు చేశారు.

నిన్న రెండు దళాలకూ తీర్పు పంపాను. "మూడు ప్రయత్నాలలోనూ విమానం తన సొంత స్థావరానికి చేరలేదు. కూల్చినవారు: జాబితా." ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మరి ఎక్కడికి చేరిందని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆటలో ఎవరు ఎవరిని కూల్చారో చూపే పట్టిక మారింది. గద్ద నుంచి నాకు రావలసిన మాట వచ్చింది.

ఇక మీకు మాత్రమే చెప్పే సంగతి. తీర్పు పంపేముందు ఆ సీట్లో నేనూ కూర్చున్నాను. మీరు చేసినట్టే ఇంజను ఆపి, రెక్కలతోనే మలుపుతూ, తూర్పుకు నడిపాను. మొదటిసారి నదిలో పడ్డాను. ఆ తర్వాత వరుసగా మూడుసార్లు వాడి రన్‌వే మీద క్షేమంగా దిగాను. రెండేళ్ళ నోటుపుస్తకం, ఎండలోంచి దిగడం, పదిహేడు తూటాలు, ఇవేవీ చాలలేదు. మీరు రాకపోతే గద్ద ఇంటికి పోయేవాడు. చస్తున్నాడనుకుని నేను పక్కన ఎగురుతూ వాణ్ణి గుమ్మందాకా సాగనంపి వచ్చేవాణ్ణి. అది అర్థమయ్యాక గంటసేపు కుర్చీలోంచి లేవలేదు. లేచి, తీర్పు పంపాను.

తెలిసీ ఇవ్వనని మీరు రాశారు. నేనూ తెలిసే తీసుకున్నాను.

ఈ ఉత్తరాన్ని మీరు దళానికి చూపించవచ్చు. చూపిస్తే గద్ద తిరిగి మీ పేరుకు వస్తాడు. వాడితోపాటే, తాను ఎవరి విమానం నడుపుతున్నదీ మరిచిపోయిన కళ్ళజోళ్ళ దుకాణదారు కథ కూడా వస్తుంది. అది ప్రతి ఆదివారం పదిహేను మైకుల్లో వినిపిస్తుంది. మిగిలిన ఆరు రోజులూ అక్క వినిపిస్తుంది. అందుకే ఆ రెండు సంగతులనూ ఒకే కాగితానికి ముందూ వెనకా పడేలా రాశాను. చింపి ఒకటే చూపించడానికి వీలుండదు.

ఆ గద్దను కూల్చింది మీరే. ఈ మాట మీకు సంతకం చేసి మరీ ఇస్తున్నాను. ఎవరికీ చూపించలేరు కాబట్టే ఇస్తున్నాను.

ఇట్లు,
పట్టిక ప్రకారం గద్దను కూల్చిన
మీ బావమరిది