రెండు పాదాలు

తొయాదెర్ బాబాయికి,

మీరు నా మీద అలిగి మా గడప తొక్కక ఏడాదవుతోంది. గడ్డిబండి మీద నుంచి పడ్డ మా ఆయన గవ్రీల్ మోకీలు ఆ రోజు మీరే సరిచేశారు. "కీలు కూర్చుంది. గుక్కెడు సారా పోసి నడిపించవే నర్సమ్మా!" అన్నారు. కానీ నర్సుని కదా, పట్టి చూస్తే ఆ ఒక్క పాదమే చల్లగా తగిలింది. నాడి ఆడుతున్నా, చీలమండ దగ్గర రక్తపోటు చేతికన్నా బాగా తక్కువ. అందుకే మీ మాట కాదని పట్నం తీసుకుపోయాను. మోకాలి వెనక రక్తనాళం దెబ్బతిందట. రెండో కాలి సిర తీసి అతికారు. ఆలస్యమైతే కాలు తీసేయాల్సి వచ్చేదట. "కీలు పెట్టినవాడి చెయ్యి మంచిది" అని కూడా డాక్టరు అన్నాడు.

ఆదివారం భోజనానికి రండి. ఈ ఉదయం గవ్రీల్ వట్టికాళ్ళతో మంచుకు తడిసిన గడ్డి కోసి వచ్చాడు. పాదాలు ముట్టుకుని "అమ్మో, చల్లగా!" అన్నాను.

"ఏ కాలే?" అన్నాడు కంగారుగా.

"రెండూ!"

మీ నర్సమ్మ