ఎర్రముడ్డి పిట్టకు సున్నా

3 జూలై 1961

నువ్వూ నవ్వేవాడివే. ఈ పుస్తకం ఎవరి చేతికి చిక్కినా సరే, నిన్నే అంటున్నాను. నరసయ్య నోట ఆ మాట వింటే నువ్వూ నవ్వేవాడివే.

పులికాటు ఒడ్డున పిట్టలకు కాపలా కాసే వాచర్ ఉద్యోగం. గూడూరులో ఇంటర్వ్యూ. కమిటీలో నేను ప్రజల ప్రతినిధిని. ఇంగ్లీషు వచ్చినవాణ్ణని ప్రశ్నలూ నా చేతే రాయించారు. నరసయ్య ఆ సరస్సు పక్క పల్లెలో పిట్టలు పట్టి బతికేవాడు. కిటికీ అవతలి కూతలు విని, చూడకుండానే నాలుగు పిట్టల పేర్లు చెప్పాడు. బుల్‌బుల్ బొమ్మ చూపితే, తోక కింద ఎరుపు మీద వేలు పెట్టి ఎర్రముడ్డి పిట్ట అన్నాడు. అందరం నవ్వాం. ఆఫీసులో బూతులేమిటని ఛైర్మన్ కామాక్షయ్య గారు మందలించారు. సున్నా వేశాం.

ఉద్యోగం నాయుడుపేట బి.ఏ. కుర్రాడికి పోయింది. వీట్‌ఇయర్ అనే పిట్ట పేరుకు గోధుమ కంకి అని అర్థం రాశాడతను. నా జవాబుల కాగితంలోనూ అదే ఉంది. పదికి పది.

5 జూలై

వీట్‌ఇయర్‌ను నేనెప్పుడైనా చూశానా? లేదు.

6 జూలై, మధ్యాహ్నం

నరసయ్య భార్య అంకాలమ్మ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఉద్యోగం అడగడానికి రాలేదంది. పిట్టలు పట్టడం మానండి, కాపలా ఉద్యోగం మీకే వస్తుందని నేను వాళ్ళ పల్లె మీటింగులో చెప్పిన మాట గుర్తుందా అని అడిగింది.

“మీరు చెప్పినారనే వలలన్నీ కాల్చేసినాడు సామీ. నవ్వినోళ్ళలో మీరు కూడా ఉండారంట గదా.”

ఆమె వెళ్ళగానే నా జవాబుల కాగితం మళ్ళీ బయటికి తీశాను.

సాయంత్రం 5

పెద్ద డిక్షనరీ తీసి ఇంగ్లీషు పిట్టల పేర్లు వెతికాను. వాగ్‌టెయిల్: తోక ఆడించేది. పిపిట్: దాని కూతే దాని పేరు. రాబిన్: రాబర్టుకు ముద్దుపేరు. దొరల భాష అనుకున్నానే, ఇవన్నీ వాళ్ళ పల్లెల్లో జనం పెట్టుకున్న పేర్లు!

వీట్‌ఇయర్. గోధుమా లేదు, కంకీ లేదు. పాత ఇంగ్లీషులో తెల్లముడ్డి.

మూడుసార్లు చదివాను. ఎర్రముడ్డికి సున్నా, తెల్లముడ్డికి పది. వేసింది నేను. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు మోజును తిడుతూ కరపత్రాలు అచ్చువేసిందీ నేనే.

8 జూలై

డిక్షనరీ మోసుకెళ్ళి కామాక్షయ్య గారి ముందు పెట్టాను. చదివారు. ఇంగ్లీషులో అయితే బూతులా వినపడదు కదండీ అన్నారు. వేళాకోళం కాదు, మనస్ఫూర్తిగానే అన్నారు. ఆర్డరు మీద సంతకం కూడా అయిపోయిందట.

10 జూలై

కమిటీకి పంపాను:

1. ఆ ఆర్డరు రద్దు చేయాలి.
2. ఇంటర్వ్యూ మళ్ళీ జరపాలి, సరస్సు ఒడ్డున, పిట్టలు కూసే వేళ.
3. ప్రశ్నలు నరసయ్య అడగాలి.
4. మొదట నన్ను.