ఉస్కో అన్నాను

ఓడ మీది నుండి,
9 ఆగస్టు 1996

శంషాబాదులోని లీలమ్మక్కకు వందనాలు.

ఈ ఓడలోని ఎనిమిది వందల దుప్పట్లకు, దిండు గలీబులకు సర్వాధికారినైన నేను ఊరందరికీ తెలియజేయునది ఏమనగా, ఈ దేశంలో కుక్కలకు కూడా నౌకరీలున్నాయి.

నిన్న ఉత్తరాన ఒక చిన్న రేవులో ఆగాము. అక్కడి కుక్కలు చలికాలం మంచు మీద బండి లాగుతాయట. ఇప్పుడు మంచు లేదని చక్రాల బండికి కట్టి, మా ఓడ దొరలను తిప్పుతున్నారు. చూడగానే మన కాలూగాడు యాదికొచ్చాడు. వాణ్ణి కట్టెల బండికి కట్టి, నిన్ను ఎక్కించి "ఉస్కో" అన్నాను కదా! కోడి వెంట ఉరికి నిన్ను పెంటకుప్పలో పడేశాడు. "ఆగురా, బాపుకు చెప్త నీ సంగతి!" అని ఏడుస్తూనే నవ్వావు.

ఇక్కడా మెల్లగా "ఉస్కో" అన్నాను. పది కుక్కలూ ఒక్కసారే ఉరికాయి. బండిలోని దొరసాని టోపీ సముద్రంలో పడింది.

ఓడ నౌకరీకి ఇంకో ఏడాది సంతకం పెడతావా, క్రిస్మస్‌కు వస్తావా, తేల్చి రాయమన్నావు. మూడేళ్లుగా ఏదో నవ్వులాట రాసి దాటేశాను. ఈసారి సంతకం పెట్టను. వస్తున్న అక్కా.

కుక్కలు ఉరికాయన్నది నా కల్పన. గంటసేపు నిలబడి ఎన్నిసార్లు ఉస్కో అన్నా ఒక్కటీ చెవి కదపలేదు. మన మాటకు తిరిగి చూసే కుక్క కూడా లేని చోట ఇంకో ఏడాది ఉండడం నా వల్ల కాదు.

నీ తమ్ముడు